లాంచీ మీద ఆమెన్

కరపత్రంలో ‘లగ్జరీ యాచ్’ అని వేశారు. పాపికొండల విహారం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, పకోడీ, అన్నీ కలిపి ఒకటే టికెట్టు. తీరా పోచవరం రేవులో జీపు దిగి చూస్తే అక్కడున్నది రెండంతస్తుల పాత లాంచీ. కిందటేడు వరకు వెదురు బొంగులు మోసిన ఒంటికి నీలం రంగు పూసి, పైన ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ముందు భాగాన రేకుతో చేసిన హంస తల ఒకటి బిగించారు. ఆ హంసకు ఒక కన్ను లేదు.

"యాచ్ అంటే గిదేనా పెద్దనాన్నా?" అని అడిగింది సంపూర్ణ కూతురు స్తుతి.

"దేవుడు ఇచ్చినదానికి వంకలు పెట్టొద్దు బిడ్డా" అన్నాడు షాలేమ్‌రాజు.

సంపూర్ణ పెదవి విరిచింది. టికెట్లు ఇచ్చింది దేవుడు కాదు, ఆమె భర్త మార్కు. భద్రాచలం పోయి, ఏజెంటు చుట్టూ తిరిగి, అందరికీ టికెట్లు తెచ్చినవాడు వెనకాల సంచులు మోసుకుంటూ వస్తున్నాడు. ఆ సంచుల్లో సగం షాలేమ్‌రాజువే.

షాలేమ్‌రాజు మార్కుకు ఒక్కగానొక్క అన్న, సంపూర్ణకు బావగారు. నేలకొండపల్లిలో హెడ్మాస్టరుగా ఈ మధ్యే రిటైరయ్యాడు. బళ్ళో పిల్లలు చేజారిపోయినా చర్చి సంఘపెద్ద పదవి చేతిలోనే ఉంది గనక ఆ గొంతుకు ఇంకా పని దొరుకుతూనే ఉంది. ఆయన రిటైర్మెంటు సంబరమే ఈ ప్రయాణం. ఆయన, ఆయన భార్య ఎస్తేరమ్మ, కొడుకులు, కోడళ్ళు నేలకొండపల్లి నుంచి బయల్దేరితే, మార్కు కుటుంబం వైరాలో కలిసింది. తెల్లారకముందే బయల్దేరిన వాళ్ళు దారిలో తిన్నది తలా రెండిడ్లీలు.

ఆ కుటుంబంలో ఒక కట్టడి ఉంది. పెద్దవాడు ప్రార్థన చేసి ఆమెన్ అనేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఇందులో తప్పేమీ లేదు, సంపూర్ణ పుట్టింట్లోనూ అదే పద్ధతి. ఆమె తండ్రి రెండు మాటల్లో దేవుడికి వందనాలు చెప్పి, మూడో మాటకు పచ్చడి అడిగేవాడు. షాలేమ్‌రాజు ప్రార్థన అట్లా కాదు. అది మొదలైతే అన్నం మీద ఆవిరి పోయేది, పప్పు మీద పొర కట్టేది. పెళ్ళి నిశ్చయాలకు వచ్చిన పాస్టరుగారు సైతం రెండుసార్లు దగ్గి చూసి ఊరుకునేవారు. చుట్టాలు మాత్రం ముక్కున వేలేసుకుని ‘ఏం ప్రార్థనా వరం’ అని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్నవాళ్ళలో ముందుండేది మార్కే. తండ్రి లేని ఇంట్లో తనను పెంచింది అన్న. అన్న ఆమెన్ అంటే తినడం, అనకపోతే ఆగడం, చిన్నప్పటి నుంచి అతనికి తెలిసిన క్రమశిక్షణ అదొక్కటే.

అతనికి చక్కెర జబ్బు వచ్చాక కూడా ఆ క్రమశిక్షణ మారలేదు. పోయిన క్రిస్మస్‌కు నేలకొండపల్లిలో అన్నానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుని, ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకుని నిలబడి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఖమ్మం దవాఖానాలో డాక్టరు సంపూర్ణను పక్కకు పిలిచి చెప్పాడు.

"సూది ఏసుకున్నంక అన్నం లేటయితే ఒంట్ల చక్కెర తగ్గి మనిషి పడిపోతడమ్మా. పడ్డ ప్రతిసారీ లేస్తడని నేను చెప్పలేను."

షాలేమ్‌రాజు మాత్రం తన ప్రార్థన వల్లే తమ్ముడు లేచాడని సంఘంలో సాక్ష్యం చెప్పాడు. ఎందుకు పడ్డాడన్నది ఆ సాక్ష్యంలో లేదు. ఆ రోజు సంపూర్ణకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి భర్తను నిలదీసింది. సూది పడ్డాక ఎవరికోసమూ ఆగనని మాట తీసుకుంది. మార్కు అవ్ అన్నాడు. ఎవరేం చెప్పినా అవ్ అనే మనిషి ఇచ్చిన మాట ఎంత గట్టిదో ఆమెకు తెలియక కాదు. అందుకే చేతిసంచిలో చక్కెర పొట్లం వేసుకునే ఇల్లు కదిలింది.

లాంచీ కదిలింది. జైరాం అనే కుర్ర గైడు మైకు పట్టుకుని హుషారుగా మాట్లాడుతున్నాడు. అటు చూడండి కొండ, ఇటు చూడండి మరో కొండ అంటున్నాడు. కాసేపటికి పాటలు పెట్టి, వచ్చినవాళ్ళను లేపి ఆడించాడు. భద్రాచలం దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళయిన జంటలు, బోనకల్ దగ్గరి తండా నుంచి వచ్చిన బస్సు కండక్టరు రామ్‌సింగ్, ఆయన భార్య బాలి అందరూ లేచి అడుగులు వేశారు. స్తుతి కాలు కదపబోయి పెద్దనాన్న మొహం చూసి కూర్చుంది.

షాలేమ్‌రాజు మొహం మాడ్చుకుని చూస్తున్నాడు. ఆయన చూపు ఆటమీద లేదని సంపూర్ణ అప్పుడే కనిపెట్టింది. అది మైకు మీద ఉంది. జైరాం మైకు కుడిచేతిలోంచి ఎడంచేతికి మార్చుకుంటే ఆ చూపు కూడా మారింది. పక్కన అంత గోదావరి, అంత అడవి, కొండల మీద నుంచి దిగుతున్న మబ్బు. ఆయనకు అవేమీ పట్టలేదు. ఇన్నాళ్ళూ పిల్లలు వరసల్లో నిలబడితే మాట్లాడిన నోరు, ఇప్పుడు మాట్లాడటానికి ఇంత జనం దొరికారని లొట్టలు వేస్తోందని సంపూర్ణ లోలోపల అనుకుంది.

పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆపారు. ఒడ్డున వెదురుతో చేసిన పూలబుట్టలు, పడవ బొమ్మలు అమ్ముతున్నారు. అందరూ మెట్లెక్కి గుడి దాకా వెళ్ళారు. షాలేమ్‌రాజు గుడిలోకి రాను అన్నాడు గానీ చెట్టు నీడలో కూర్చుని అందరికీ ఆ ఊరి చరిత్ర చెప్పాడు. ఆయనకు ఆ ఊరి చరిత్ర తెలియదు, దారిలో జైరాం చెప్పిందే తిరిగి అప్పజెప్పాడు. దిగి లాంచీ ఎక్కబోతుండగా గొడుగు గుర్తొచ్చింది.

"తమ్ముడూ, గొడుగు పైన మర్చిపోయిన."

కొడుకులిద్దరూ పక్కనే ఉన్నారు. సంచులు కింద పెట్టి మెట్లెక్కింది మాత్రం మార్కు. గొడుగుతో దిగివచ్చేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నీ కొడుకుల కాళ్ళు ఏమైనయ్ అక్కా?" అని సంపూర్ణ ఎస్తేరమ్మను అడిగింది. ఎస్తేరమ్మ విననట్టు నదివైపు తిరిగింది. ఆ ఇంట్లో అందరికంటే ముందు చెవుడు నేర్చుకున్నది ఆమే. అన్నేళ్ళు ఆ గొంతు పక్కన కాపురం చేయాలంటే మరో దారి లేదు పాపం.

లాంచీ మళ్ళీ కదిలింది. కింది అంతస్తులో నుంచి కోడికూర వాసన పైకొచ్చింది. జైరాం మైకులో, "ఇంకో అరగంటల భోజనాలు" అని చెప్పాడు. మార్కు మూలకు వెళ్ళి సూది వేసుకుని వచ్చాడు.

"గుర్తుందా స్తుతి డాడీ?" అంది సంపూర్ణ.

"అవ్ అవ్."

అరగంటకు గిన్నెలు పైకి తెచ్చి బల్ల మీద పెట్టారు. అన్నం, పప్పు, వంకాయ కూర, కోడికూర, సాంబారు, పెరుగు, తలా ఒక బూందీ లడ్డు. జనం ఒక్కసారిగా లేచారు. సంపూర్ణ భర్త రెక్క పట్టుకుని లేపింది. షాలేమ్‌రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనం ఎగబడొద్దు. వాళ్ళందరు తీసుకున్నంక పోదం. మనల చూసి నలుగురు నేర్చుకోవాలె."

మార్కు కూర్చున్నాడు. వరస తరిగేసరికి చాలాసేపు పట్టింది. నేర్చుకోవలసిన నలుగురూ రెండోసారి కోడికూర వేయించుకుంటున్నారు. చివరికి కుటుంబమంతా పళ్ళేలు పట్టుకుని వడ్డించుకుని వచ్చి వరసగా కూర్చున్నారు. మార్కు చెయ్యి అన్నంలోకి దిగింది. అప్పుడు షాలేమ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. ఆ చెయ్యి అన్నంలోంచి బయటికొచ్చింది.

"కూర్చున్నకాడనే కానియ్యండి బావగారు. ఆయన సూది ఏసుకుండు" అంది సంపూర్ణ, అందరికీ వినబడేట్టే.

"రెండు నిమిషాలమ్మా" అన్నాడాయన. అని, పళ్ళెం కుర్చీలో పెట్టి, తిన్నగా జైరాం దగ్గరికి నడిచాడు. జైరాం పెద్దమనిషి ఏదో రెండు ముక్కలు మాట్లాడతాడనుకుని మైకు చేతికిచ్చాడు.

పాపం, ఆ పిల్లవాడికేం తెలుసు.

"అందరం ఒక్కసారి కన్నులు మూసుకుందము" అని మైకులో వినబడింది. మర్యాద తెలిసిన జనం. సగం తిన్నవాళ్ళు కూడా అన్నంలో వేళ్ళు ఆపి కళ్ళు మూసుకున్నారు. రామ్‌సింగ్ తలకున్న తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

షాలేమ్‌రాజు సృష్టి నుంచి మొదలుపెట్టాడు. వెలుగును కలగజేసినందుకు వందనాలు. నీళ్ళను వేరుచేసినందుకు వందనాలు. కొండల దగ్గరికి వచ్చేసరికి, లాంచీ పక్కనుంచి పోతున్న ఒక్కొక్క కొండకూ వందనాలు చెబుతున్నాడేమో అనిపించింది. తర్వాత నదిలో చేపలు వచ్చాయి. లాంచీ నడిపేవాడు, అతని భార్యాబిడ్డలు వచ్చారు. జిల్లా కలెక్టరు వచ్చాడు, మంత్రులు వచ్చారు. ఆపైన తన బడి వచ్చింది. తన హయాంలో పదో తరగతి ఎట్లా పాసైందో దేవుడికి తెలియదన్నట్టు వివరంగా చెప్పాడు. పొద్దున ఆటలాడిన వారి అజ్ఞానాన్ని క్షమించమని కూడా వేడుకున్నాడు. ఆడినవాళ్ళు ఒక కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు.

సంపూర్ణ కళ్ళు మూసుకోలేదు. ఆమె మార్కునే చూస్తోంది. ముందు అతని నుదుటి మీద చెమట పుట్టింది. గాలి బాగానే వీస్తోంది, ఆ చెమట ఎండది కాదు. తర్వాత చేతిలో పళ్ళెం వణికింది. పప్పు అన్నం మీది నుంచి జారి అతని ప్యాంటు మీద పడింది. అతనికి తెలియలేదు.

"తినుండ్రి" అంది చెవిలో.

తల అడ్డంగా ఊపాడు.

"స్తుతి డాడీ, మీకు దండం పెడత. ఒక్క లడ్డు ముక్క."

"ఆమెన్... కానియ్" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

చక్కెర పొట్లం విప్పి పెదాలకు ఆనించింది. మార్కు పళ్ళు బిగించాడు. కొంత చక్కెర గడ్డం మీదుగా చొక్కాలో పడింది. మనిషికి తెలివి తప్పుతోంది, ఒళ్ళు చల్లబడుతోంది, అయినా అన్న ఆమెన్ అనలేదని ఆ నోరు తెరుచుకోవడం లేదు. పక్క కుర్చీలోంచి బాలి వంగి చూసింది.

"ఏందమ్మా, ఆయనను తిననియ్యరాదు? మొహం తెల్లగైంది."

"నేను వద్దంటలేనక్కా" అంది సంపూర్ణ. ఈ మనిషి పోతాడు. ఇంత అన్నం ఒళ్ళో పెట్టుకుని, చక్కెర పెదాల మీద పెట్టుకుని, వినయంగా పోతాడు. రేపు షాలేమ్‌రాజు శవం ముందు కూడా మైకు పట్టుకుంటాడు. తమ్ముడు ఎంత విధేయుడో చెబుతాడు. అది తలుచుకునేసరికి సంపూర్ణకు భయం పోయి కడుపు మండింది.

చక్కెర పొట్లం స్తుతి చేతిలో పెట్టింది. "డాడీ నోరు దగ్గర్నే పట్టుకో. తెరవంగనే పొయ్యి" అని లేచింది.

కుర్చీల మధ్యలోంచి ముందుకు నడిచింది. షాలేమ్‌రాజు కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ పైకెత్తి, విదేశాల్లో యుద్ధాలు ఆగాలని అడుగుతున్నాడు. "మరియు ప్రభువా" అని, తర్వాతి దేశం కోసం ఊపిరి తీసుకున్నాడు. ఆ సందు చాలు. సంపూర్ణ పక్క నుంచి మైకు దగ్గరికి నోరు పెట్టింది.

"ఆమెన్."

మైకు ఆ మాటను లాంచీ అంతా మోసింది. వరసలో కూర్చున్న ఎస్తేరమ్మ, కొడుకులు, కోడళ్ళు కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అన్నారు. ఎన్నో ఏళ్ళ అలవాటు, ఎవరి గొంతో చూసుకునే పని లేదు. భద్రాచలం యాత్రికులు కూడా అన్నారు. వాళ్ళకు ఆ మాట అర్థం ఏమైనా, అన్నం తినొచ్చని తెలిసింది. రామ్‌సింగ్ అందరికంటే గట్టిగా అన్నాడు. మార్కు పెదాలు కదిలాయి. "ఆమె..." అని నోరు తెరుచుకుంది. స్తుతి చక్కెర పోసింది.

సంపూర్ణ పరుగున వెనక్కి వచ్చింది. బాలి అప్పటికే గ్లాసులో నీళ్ళు తెచ్చి మార్కు తల పట్టుకుని ఉంది. గుటక పడింది. ఇంకోసారి చక్కెర, ఇంకో గుటక. తర్వాత లడ్డు నలిపి కొంచెం కొంచెం నోట్లో పెట్టింది. కాసేపటికి అతని కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. చుట్టూ చూశాడు. భర్త ఏమంటాడా అని సంపూర్ణ ఎదురుచూసింది.

"అన్న తిన్నడా?" అన్నాడు మార్కు.

ఆమెకు ఆ పళ్ళెం ఎత్తి గోదావరిలో వేయాలనిపించింది. పళ్ళేన్ని కాదు, ముందు అతన్నే. మళ్ళీ తమాయించుకుని పెరుగన్నం కలిపి అతని చేతిలో పెట్టింది.

షాలేమ్‌రాజు అప్పటికి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తమ్ముడి నుదుటి మీది తడి ఇంకా ఆరలేదు. ఆయన చూసింది దాన్ని కాదు.

"నా ప్రార్థన మధ్యల ఆమెన్ అననీకి నువ్వెవరమ్మా?"

"మధ్య ఎక్కడుందో నాకు తెల్వలేదు బావగారు. అందుకే చివరనే పెట్టిన."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్తేరమ్మ పవిట నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గిందో నవ్విందో తెలియలేదు గానీ ఆమె చెవులు బాగానే పనిచేస్తున్నాయని ఆ రోజు సంపూర్ణకు తెలిసింది.

"తమ్ముడూ, నీ భార్య అన్నది విన్నవా?" అన్నాడు షాలేమ్‌రాజు.

మార్కు తలొంచుకుని పెరుగన్నం నమిలాడు. నోట్లో అన్నం ఉండటం వల్ల జవాబు చెప్పే అవసరం తప్పింది. అది కూడా దేవుడి దయే అనుకోవాలి.

"ముగించని ప్రార్థన మీద వడ్డించిన అన్నం నేను తినను" అని ప్రకటించి షాలేమ్‌రాజు కింది అంతస్తుకు దిగిపోయాడు. కొడుకులు వెనకాల పోయి బతిమాలి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. కుటుంబమంతా దిగులుగా తిన్నది. దిగులుగానే గానీ మిగల్చకుండా తిన్నది.

కొంతసేపటికి సంపూర్ణ చేతులు కడుక్కోవడానికి కిందికి దిగింది. వంట చేసే చోట, గోనె సంచుల చాటున, పెద్దమనిషి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెం నిండా కోడికూర. ఎముకను రెండు చేతులా పట్టుకుని మూలగ పీలుస్తున్నాడు. ఇక్కడ మైకు లేదు, వినేవాళ్ళు లేరు. ప్రార్థన ఎంతసేపు చేశాడో ఆ తొందర చూస్తేనే తెలుస్తోంది. ఆమె చూసింది ఆయన చూడలేదు. ఆమె పిలవనూ లేదు. ఆ మనిషికి భయపడి ఇన్నేళ్ళు చల్లారిన కూడు తిన్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. చేతులు కడుక్కుని పైకొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఎండ మెత్తబడింది. కొండల నీడ నీళ్ళ మీద సాగింది. జైరాం మళ్ళీ పాటలు పెట్టాడు. మైకును మాత్రం తాడుతో మెడకు కట్టుకున్నాడు. స్తుతి బాలితో కలిసి రెండడుగులు వేసింది. ఎవరూ వద్దనలేదు.

రేవు ఇంకొంత దూరం ఉందనగా కాగితం పళ్ళేల్లో పకోడీ, గ్లాసుల్లో టీ తెచ్చి ఇచ్చారు. షాలేమ్‌రాజు పైకొచ్చి చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తన పళ్ళెం అందుకుని, మొహం పక్కకు తిప్పుకుని, కొండల వైపు చూడటం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా చూడని కొండలు. ప్రార్థన చేయనని అలిగాడన్నమాట. ఇప్పుడు చూద్దాం మీరెట్లా తింటారో అని ఆ మెడే చెబుతోంది.

ఎవరూ తినలేదు. కొడుకులు, కోడళ్ళు, ఎస్తేరమ్మ వేడి పకోడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చుట్టూ జనం కరకరా నములుతున్నారు. సంపూర్ణ మార్కు వైపు చూసింది. చావు అంచుదాకా పోయి వచ్చిన మనిషి, ఇప్పుడైనా తనంతట తాను తింటాడేమోనని చూసింది. మార్కు పకోడీ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె ఆశగా చూసింది. అతను అన్న వీపు వైపు చూశాడు. ఆ వీపు కదల్లేదు. తర్వాత మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఆమెన్ నువ్వే అనరాదా సంపూర్ణా" అన్నాడు చిన్నగా.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తలెత్తి చూస్తే వరస వరసంతా తనవైపే చూస్తోంది. ఎస్తేరమ్మ కూడా. కళ్ళు కూడా సగం మూసుకుని సిద్ధంగా ఉన్నారు. వీళ్ళకు తిండి పెట్టేవాడు అక్కర్లేదు, తినమనేవాడు కావాలి. ఒకడు అలిగితే ఇంకొకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టుకుంటారు.

సంపూర్ణ తన పళ్ళెంలోంచి ఒక పకోడీ తీసింది. వాళ్ళందరూ చూస్తుండగా కొరికింది. తొందరేమీ లేకుండా నమిలింది, మింగింది, ఒక గుక్క టీ తాగింది. పకోడీలో పచ్చిమిరపకాయ బాగా వేగింది.

"ఆమెన్" అంది అప్పుడు. "ఇగ తినుండ్రి."

అందరూ తిన్నారు.